కిట్ కారుకు అల్లాయ్ హబ్‌లు: ఎవరికి ఏది సరిపోతుంది

బ్రిటన్‌లో సొంత గ్యారేజీలో కారు కట్టుకునే అలవాటు చాలా పాతది. ఎక్కువగా కట్టేది లోటస్ సెవెన్ తరహా చిన్న టూ సీటర్. ఫ్రేము, బాడీ కిట్ కంపెనీ ఇస్తుంది. ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్, స్టీరింగ్ లాంటివి ఏదో ఒక పాత కారు నుంచి విప్పి తెచ్చుకుంటారు. దశాబ్దాల పాటు ఆ పాత కారు అంటే ఎక్కువగా ఫోర్డే. మొదట ఎస్కార్ట్, కోర్టినా, ఆ తర్వాత సియెర్రా. ఇప్పుడు ఎక్కువగా మాజ్డా ఎంఎక్స్-5 మీద కడుతున్నారు.

ముందు చక్రాల దగ్గర మాత్రం పాత కిట్ కార్లలో చాలావాటికి కోర్టినా అప్‌రైటే (చక్రాన్ని మోసే నిలువు ముక్క) ఉంటుంది. పైనా కిందా రెండు విష్‌బోన్‌ల (చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేతులు) మధ్య చక్కగా అమరుతుంది కాబట్టి దాన్నే వాడుకున్నారు. కోర్టినా మార్క్ 3 వచ్చింది 1970లో, మార్క్ 5 ఆగిపోయింది 1982లో. అంటే ఆ కారు నుంచి వచ్చిన హబ్ ఎంత కొత్తదైనా దానికి 40 ఏళ్లు దాటాయి. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొన్నవాళ్లకు చక్రం పట్టుకుని ఊపితే ఆట (వదులు) తెలుస్తుంది, బేరింగ్ మోత వినిపిస్తుంది. పార్టుల దుకాణంలో చూస్తే తళతళలాడే అల్లాయ్ (అల్యూమినియం) హబ్‌లు కనిపిస్తాయి. కవెంట్రీ చుట్టుపక్కల ఆటో కంపెనీల్లో పనిచేసే మన తెలుగు మిత్రులు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే: పాతవి బాగుచేయించుకోవాలా, అల్లాయ్‌వి కొనాలా, కొంటే ఏవి?

హబ్ అంటే ఇక్కడ చక్రం కాదు, అల్లాయ్ వీల్ అసలే కాదు. స్టబ్ యాక్సిల్ (అప్‌రైట్ నుంచి బయటికి వచ్చే పొట్టి ఇరుసు) మీద రెండు బేరింగ్‌లతో తిరుగుతూ, ఒక పక్క బ్రేక్ డిస్కును, ఇంకో పక్క చక్రాన్ని పట్టుకుని ఉండే ముక్క. కారు బరువు, మలుపులో పక్కకు తోసే బలం, బ్రేకు వేడి అన్నీ దాని గుండానే పోతాయి. అందుకే నా అభిప్రాయం ముందే చెబుతాను. హబ్ కొంటున్నామంటే బేరింగ్ కూర్చునే చోటును కొంటున్నామన్నమాట. బరువు తగ్గడం ఆ తర్వాతి సంగతి. ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది, చక్రం కూడా ఊడిపోవచ్చు.

అసలు మార్చాల్సిన పని ఉందా

బేరింగ్ పోయిందంటే హబ్ పోయినట్టు కాదు. పాత ఇనుప హబ్‌ను విప్పి, గ్రీజంతా పారాఫిన్‌తో (కిరసనాయిలు) కడిగి, వెలుతురులో పెట్టి చూడండి. బేరింగ్ బయటి కప్పును కొట్టి తీసేశాక అది కూర్చున్న బోర్ (రంధ్రం) ఎలా ఉందో చూడాలి. మసకగా, అంతటా ఒకే తీరుగా ఉంటే మంచిదే. అద్దంలా మెరుస్తూ చుట్టూ గీతలు పడి ఉంటే ఆ కప్పు లోపల తిరిగిందని అర్థం. కొత్త బేరింగ్ వేసినా అది మళ్లీ తిరుగుతుంది. అలాంటి హబ్‌ను పక్కన పెట్టేయాల్సిందే. చేత్తో నెడితే కప్పు లోపలికి జారిపోతుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

రెండోది స్టడ్ రంధ్రాలు, అంటే చక్రాన్ని పట్టే బోల్టులు కూర్చునేవి. వీల్ నట్లు వదులుగా ఉండగానే ఎవరో కారు తిప్పుకుని ఉంటే రంధ్రం కోలగా సాగి ఉంటుంది, స్టడ్ పళ్లు పట్టు వదిలేసి నట్టుతో పాటే తిరుగుతుంటాయి. మూడోది ఫ్లాంజి, అంటే చక్రం ఆనుకునే పళ్లెం లాంటి భాగం. హబ్‌ను స్టబ్ యాక్సిల్ మీద పెట్టి, డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే పరికరం) ముల్లు ఫ్లాంజికి ఆనించి నెమ్మదిగా తిప్పండి. 0.05 మి.మీ. లోపల ఊగితే బాగున్నట్టే. అంతకంటే ఎక్కువైతే డిస్కు అంచు దగ్గరికి వెళ్లేసరికి అది రెండు మూడింతలై బ్రేకు పెడల్‌లో తెలుస్తుంది.

ఈ మూడూ బాగుంటే నా సలహా ఒక్కటే. మంచి కంపెనీ టేపర్ రోలర్ బేరింగ్‌లు, కొత్త సీల్, కొత్త స్టడ్‌లు వేసుకుని అదే హబ్ వాడుకోండి. పోత ఇనుము వేడికి వ్యాకోచించే తీరు బేరింగ్ స్టీలుకు దగ్గరగా ఉంటుంది, స్టడ్ పళ్లను గట్టిగా పట్టుకుంటుంది, తుప్పు పట్టినా పైపైనే పడుతుంది. రోడ్డు మీద ఆదివారం నాడు తిప్పుకునే కారుకు ఇంతకన్నా మంచి హబ్ అవసరం లేదు. అల్లాయ్ కాకపోతే చిన్నతనం అన్నట్టు ఎవరైనా మాట్లాడితే పట్టించుకోకండి.

అల్లాయ్ వైపు వెళ్లడానికి గట్టి కారణాలు నాకు తెలిసినవి ఇవి. పాత హబ్ పాడై, బాగున్నది ఎక్కడా దొరకకపోవడం. చక్రాల రంధ్రాల వరుస మార్చాల్సి రావడం. పెద్ద వెంటిలేటెడ్ డిస్కు, దానికి విడిగా అల్యూమినియం బెల్ (డిస్కుకూ హబ్‌కూ మధ్య ఉండే టోపీ లాంటి ముక్క) పెట్టాలనుకోవడం. రేసుకో, ట్రాక్ డేకో కారును తరచూ తీసుకెళ్లడం. వీటిలో ఒక్కటీ మీకు వర్తించకపోతే ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోండి.

బరువు ఎంత తగ్గుతుంది

అల్యూమినియం సాంద్రత 2.7, పోత ఇనుముది 7.2 దాకా. అంటే అదే ఆకారాన్ని అల్యూమినియంలో చేస్తే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ బరువుంటుంది. కానీ అదే ఆకారంలో ఎవరూ చేయరు, చేయకూడదు. అల్యూమినియం అంత గట్టిగా నిలబడదు కాబట్టి ఫ్లాంజి మందం, బారెల్ (బేరింగ్‌లు ఉండే గొట్టం భాగం) మందం పెంచాలి. బేరింగ్‌లు, స్టడ్‌లు, నట్లు ఎలాగూ స్టీలువే. అన్నీ కలిపి తూకం వేస్తే మిగిలేది మొదట ఊహించిన దానికంటే తక్కువే. ఇంట్లో తూకం ఉంటే రెండింటినీ బేరింగ్‌లతో సహా పెట్టి మీరే చూసుకోండి.

స్ప్రింగుల కింద ఉండే బరువు తగ్గితే చక్రం గతుకుల మీద రోడ్డును బాగా అంటిపెట్టుకుంటుంది, ఆ మాట నిజమే. 600 కిలోలు కూడా లేని కారులో అది ఇంకా నిజం. కానీ తిరిగే బరువు తగ్గితే కారు చురుగ్గా కదులుతుందనే ప్రచారం హబ్ విషయంలో పెద్దగా పనికిరాదు. తిరిగే వస్తువు ప్రభావం కేంద్రం నుంచి దూరానికి వర్గంగా పెరుగుతుంది. హబ్ బరువు సగటున కేంద్రానికి సుమారు 5 సెం.మీ. దూరంలోనే ఉంటుంది. 185/60 ఆర్13 టైరు బయటి అంచు 27 సెం.మీ. పైన ఉంటుంది. ఒక కిలో టైరు అంచులో ఉండటానికి, హబ్‌లో ఉండటానికి దాదాపు 30 రెట్ల తేడా. బరువే ముఖ్యమైతే ముందు టైరు, రిమ్ చూడండి. హబ్ వంతు ఆ తర్వాత.

వేడెక్కితే బేరింగ్ ఏమవుతుంది

చాలామంది అమ్మకందారులు మాట్లాడని విషయం ఇది. నా దృష్టిలో ఎంపిక అంతా దీని మీదే ఆధారపడాలి.

అల్యూమినియం ప్రతి డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 23 వంతులు పెరుగుతుంది. బేరింగ్ స్టీలు 12 వంతులే. బేరింగ్ కప్పు బయటి వ్యాసం 50 మి.మీ. అనుకుందాం. కొండ దిగుతూ బ్రేకులు వాడితే హబ్ 60 డిగ్రీలు వేడెక్కడం వింతేమీ కాదు. అప్పుడు హబ్ బోర్ కప్పు కంటే 0.033 మి.మీ. ఎక్కువ పెరుగుతుంది. ట్రాక్ మీద 100 డిగ్రీలు పెరిగితే 0.055 మి.మీ. చూడటానికి వెంట్రుక మందం కూడా లేదు. కానీ కప్పును పట్టుకుని ఉంచే బిగువు మొత్తం ఆ కొలతలోనే ఉంటుంది.

ఇనుప హబ్ కొలతల్నే చూసి అల్యూమినియంలో బోర్ కోస్తే, చల్లగా ఉన్నప్పుడు అంతా బాగానే అనిపిస్తుంది. వేడెక్కాక కప్పు వదులై లోపల పాకడం మొదలుపెడుతుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి కొన్ని వేల కిలోమీటర్లలోనే బోర్ అరిగిపోతుంది. అందుకే అల్యూమినియం హబ్‌లో బేరింగ్ కప్పు వ్యాసంలో ప్రతి మి.మీ.కు కనీసం 0.001 మి.మీ. చొప్పున బిగువు ఉండాలని బేరింగ్ పనివాళ్లు పాటించే లెక్క ఉంది. 50 మి.మీ. కప్పుకు బోర్ 0.05 మి.మీ. చిన్నగా ఉండాలన్నమాట. 60 డిగ్రీల పెరుగుదలలో 0.033 పోయినా 0.017 మిగులుతుంది, రోడ్డుకు చాలు. ట్రాక్‌కైతే ఆ 0.05 కూడా సరిపోదు. బిగువు ఇంకా పెంచిన హబ్ కావాలి, లేదా డిస్కు వేడి నేరుగా హబ్‌కు ఎక్కకుండా మధ్యలో బెల్ ఉన్న డిజైన్ కావాలి. అల్యూమినియం పోత ఇనుము కంటే మూడు రెట్లు వేగంగా వేడిని లాగుతుంది కాబట్టి డిస్కును నేరుగా దాని వీపుకు బిగిస్తే గ్రీజు దాకా వేడి త్వరగా చేరుతుంది.

కాబట్టి అమ్మేవాళ్లను మొదట అడగాల్సిన ప్రశ్న బరువు గురించి కాదు. "బేరింగ్ బోర్ ఎంత కొలతకు కోశారు, ఎంత టాలరెన్స్‌లో (అటూ ఇటూ ఎంత తేడాతో)?" అని అడగండి. అంకెలతో జవాబు వస్తే ముందుకు వెళ్లండి. "అన్నీ స్టాండర్డేనండీ, బేరింగ్ పట్టేస్తుంది" అంటే అక్కడితో ఆపేయండి. ఆనోడైజింగ్ (తుప్పు నుంచి కాపాడే గట్టి పూత) చేసిన హబ్ అయితే ఆ పూత బేరింగ్ బోర్‌లో కూడా పడిందా, అక్కడ పడకుండా మాస్క్ చేశారా అని కూడా అడగాలి. గట్టి ఆనోడైజింగ్ పూత మందం తేలిగ్గా 0.025 నుంచి 0.05 మి.మీ. ఉంటుంది, అందులో సగం ఉపరితలం పైకి పెరుగుతుంది. బోర్ కొలత మొత్తం మారిపోతుంది.

హబ్ లోపల కప్పుల వెనక భుజం దగ్గర రెండు చిన్న గాడులు ఉన్నాయో లేదో కూడా చూడండి. రేపు బేరింగ్ మార్చాలంటే ఆ గాడిలో డ్రిఫ్ట్ (కొట్టే కడ్డీ) పెట్టి కప్పును కొట్టి తీయాలి. గాడి లేని అల్యూమినియం హబ్‌లో కప్పు తీయబోతే భుజం చితికిపోతుంది, దానితో హబ్ కూడా పోతుంది.

ఏ లోహం

"ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్" అనే మాటకు అర్థం లేదు. అల్లాయ్ నంబరు, టెంపర్ (వేడి చేసి బలం తెచ్చిన స్థితి, టీ6 లాంటిది) రెండూ చెప్పాలి, మెటీరియల్ సర్టిఫికెట్ చూపించాలి.

మార్కెట్లో ఎక్కువగా కనిపించేది 6082-టీ6. దాని ఈల్డ్ బలం, అంటే శాశ్వతంగా వంగిపోయే ముందు తట్టుకునే ఒత్తిడి, సుమారు 250 మెగాపాస్కల్‌లు. తుప్పును బాగా తట్టుకుంటుంది, మిషినింగ్ సులభం, ధర తక్కువ. 2014-టీ6 బలం దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది, వేడిలో కూడా బాగా నిలబడుతుంది, కానీ అందులో రాగి ఉంటుంది కాబట్టి తడిలో త్వరగా తినేస్తుంది. 7075-టీ6 ఇంకా బలమైనది, ఈల్డ్ 500 దాకా వస్తుంది. అయితే ఒత్తిడిలో ఉండగా తుప్పు చేరితే పగుళ్లు వచ్చే గుణం దానికి ఉంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీటిలో తడిసే హబ్‌కు, ప్రెస్ చేసిన స్టడ్‌లు ఎప్పుడూ లోపలి నుంచి తోస్తూ ఉండే హబ్‌కు ఈ గుణం మంచిది కాదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫార్ములా, బాహా పోటీలకు కార్లు కట్టే పిల్లలు హబ్‌కు 7075 ఎంచుకోవడం సబబే. వాళ్ల కారు నడిచేది కొద్ది గంటలు, ప్రతిసారీ విప్పి చూస్తారు. ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగే కారు లెక్క వేరు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. రోడ్డు కారుకు ఫ్లాంజి మందంగా ఉన్న 6082-టీ6. ఎండాకాలం ట్రాక్ మీదే తిరుగుతూ, చలికాలమంతా గ్యారేజీలో ఉండే కారుకు 2014, ఆనోడైజింగ్ తప్పకుండా ఉంటే. 7075 జోలికి రోడ్డు కారుకు వెళ్లవద్దు.

పోత అల్యూమినియం హబ్‌లు కూడా అమ్ముతారు. ఎల్ఎం25 లాంటి అల్లాయ్‌ను డైలో పోసి హీట్ ట్రీట్ చేస్తే మంచి వస్తువే వస్తుంది. కానీ పోతలో గాలి బుడగలు ఉంటే బయటికి కనపడవు, పైగా పోత లోహం సాగకుండా ఒక్కసారిగా విరుగుతుంది. ఎక్స్‌రే తీశారని కాగితం చూపిస్తే తప్ప కొనవద్దంటాను.

ఫ్లాంజి మూల దగ్గర

హబ్ చేతికి రాగానే నేను చూసేది ఒకే చోటు. బారెల్ నుంచి ఫ్లాంజి మొదలయ్యే మూల. చక్రం మోసే బరువంతా అక్కడ వంగుతుంది.

లెక్క వేస్తే ఎంతో తెలుస్తుంది. మనుషులతో కలిపి 650 కిలోల కారు గట్టిగా మలుపు తిరిగినప్పుడు బయటి ముందు చక్రం మీద 250 కిలోల భారం పడిందనుకోండి. మంచి టైరు దాదాపు అంతే బలాన్ని పక్కకు కూడా తోస్తుంది, అంటే 2,450 న్యూటన్‌లు. టైరు వ్యాసార్ధం 0.276 మీటర్లు. ఫ్లాంజిని వంచే బలం దాదాపు 675 న్యూటన్ మీటర్లు. చక్రం ఒక్కసారి తిరిగితే అదే చోటు ఒకసారి లాగబడుతుంది, ఒకసారి నొక్కబడుతుంది. ఆ టైరు చుట్టుకొలత 1.73 మీటర్లు, కిలోమీటరుకు 577 తిప్పులు. 10,000 కిలోమీటర్లకు 58 లక్షల సార్లు. అన్నీ గట్టి మలుపులే కాకపోవచ్చు. అయినా స్టీలుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు కింద ఎన్నిసార్లు వంచినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ఒత్తిడి చిన్నదైనా లెక్కలో చేరుతూనే ఉంటుంది.

కాబట్టి ఆ మూలలో వేలు పెట్టి తడమండి. గుండ్రంగా, నున్నగా, కనీసం 3 మి.మీ. రేడియస్‌తో తిరగాలి. వేలిగోరుతో అడ్డంగా గీస్తే లేత్ టూల్ వదిలిన గాడులు తగలకూడదు. కొన్ని హబ్‌లు బయట అద్దంలా పాలిష్ చేసి ఉంటాయి, ఈ మూలలో మాత్రం చదరంగా కోసేసి ఉంటాయి. పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అలాంటిది ఎంత తక్కువకు వచ్చినా వద్దు. ఫోర్జింగ్ చేసిన (కొట్టి రూపు తెచ్చిన) ముక్క నుంచి కోసిన హబ్ అయితే లోహపు నార మూల వెంబడి వంపు తిరిగి ఉంటుంది, అది అన్నిటికన్నా మంచిది. గుండ్రటి కడ్డీ నుంచి తిప్పిన హబ్‌లో నార బారెల్ పొడవునే ఉంటుంది, ఫ్లాంజికి అడ్డం పడుతుంది. అందుకే అలాంటి వాటిలో మందం, రేడియస్ ఇంకా ముఖ్యం.

స్టడ్‌లు

ఫోర్డ్ హబ్‌లో స్టడ్ వెనక నుంచి ప్రెస్ చేస్తారు, పళ్లు ఇనుములోకి దిగుతాయి. అల్యూమినియంలో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది, స్టడ్ తల వెడల్పుగా ఉండి వెనక పూర్తిగా ఆనుకుంటే. తల చిన్నదైతే నట్ బిగించేకొద్దీ అల్యూమినియంలోకి దిగబడుతుంది, బిగువు తగ్గిపోతుంది. ఒకసారి తీసి మళ్లీ కొట్టిన స్టడ్‌కు అల్యూమినియంలో పట్టు ఉండదు. రెండోసారి కొంచెం పెద్ద పళ్లున్న స్టడ్ వేయాలి.

ఇంకో పద్ధతి మరలో తిప్పి బిగించే స్టడ్. ఇందులో ఎం12 స్టడ్ అల్యూమినియంలో 18 నుంచి 24 మి.మీ. లోతు దిగాలి, లేదా స్టీలు ఇన్సర్ట్ ఉండాలి. ఫ్లాంజి మందం 12 మి.మీ. ఉన్న హబ్‌లో నేరుగా మర కోసి అమ్ముతుంటే వెంటనే వద్దనండి. నాకైతే తల వెనక ఆనుకునే ప్రెస్ స్టడే నమ్మకం. పట్టు పోయినా చక్రం ఊడి బయటికి రాదు.

కొలతలు కుదిరాయా

ఫోర్డ్ నాలుగు స్టడ్‌ల వరుస 4×108, అంటే 108 మి.మీ. వలయం మీద నాలుగు స్టడ్‌లు. ఎదురెదురు స్టడ్‌ల మధ్య బిందువుల దూరం కొలిస్తే నేరుగా వచ్చేస్తుంది. ఎంఎక్స్-5 మొదటి తరాలది 4×100, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ది 4×95.25. 4×100 చక్రం 4×108 హబ్‌కు ప్రతి రంధ్రం దగ్గరా 4 మి.మీ. తప్పుతుంది, ఎలాగోలా బిగించే ప్రశ్నే లేదు. మీ దగ్గర ఉన్న చక్రాలు నచ్చి, వాటి కోసం హబ్ మారుస్తుంటే వెనక వాటి సంగతి కూడా చూసుకోండి. ముందు ఒక వరుస, వెనక ఒక వరుస అయితే ఒక్క స్పేర్ చక్రం సరిపోదు.

మధ్య బిందువు దగ్గర ఎత్తుగా ఉండే వలయం సియెర్రా కాలం ఫోర్డ్‌లలో 63.4 మి.మీ., ఎంఎక్స్-5లో 54.1 మి.మీ. కొత్త హబ్‌కు ఆ వలయం ఉందా, మీ చక్రం రంధ్రానికి సరిపోతుందా చూడండి. ఫ్లాంజి ముఖం పాత హబ్‌తో పోలిస్తే బయటికి ఎంత జరిగిందో కూడా అడగండి. ఒక్కో పక్క 5 మి.మీ. జరిగితే రెండు ముందు చక్రాల మధ్య దూరం 10 మి.మీ. పెరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, సైకిల్ వింగ్ (టైరుకు దగ్గరగా వంగి ఉండే సన్నటి) మడ్‌గార్డ్ బయటికి టైరు తొంగి చూస్తుంది. కొత్తగా కట్టిన కారు ఐవీఏ పరీక్షకు (రోడ్డెక్కే ముందు ప్రభుత్వం చేసే తనిఖీ) వెళ్లాల్సి ఉంటే టైరు ట్రెడ్ మడ్‌గార్డ్ కింద ఉండాలి, అక్కడ ఈ 5 మి.మీ.కే ఇబ్బంది వస్తుంది.

కోర్టినా కాకపోతే

సియెర్రా వెనక హబ్‌లు ఇంజన్ బలాన్ని పళ్ల ద్వారా చక్రానికి అందిస్తాయి. అల్యూమినియం పళ్లు ఆ పనికి నిలవవు. వెనక స్టీలే ఉంచండి. ఎస్కార్ట్ వెనక యాక్సిల్‌కు విడిగా హబ్ ఉండదు, హాఫ్ షాఫ్ట్‌కే ఫ్లాంజి ఉంటుంది. అల్లాయ్ హబ్ మాట ముందు చక్రాలకే పరిమితం.

ఎంఎక్స్-5 మీద కట్టిన కారుకు ముందు హబ్, బేరింగ్ ఒకే సీల్డ్ యూనిట్‌గా వస్తాయి. ఇక్కడ అల్లాయ్ వెతకడం నాకు అర్థవంతంగా అనిపించదు. పేరున్న జపాన్ బేరింగ్ కంపెనీ యూనిట్ తీసుకోండి. చౌక యూనిట్లు ట్రాక్ మీద త్వరగా ఆట తెచ్చుకుంటాయి.

ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ అప్‌రైట్ ఉన్న కారైతే హబ్ కంటే ముందు స్టబ్ యాక్సిల్ చూడాలి. ఆ చిన్న కారుకు చేసిన సన్నటి యాక్సిల్ అది. వెడల్పాటి టైర్లు వేసి గట్టిగా తోలితే సీల్ కూర్చునే మూల దగ్గర పగులుతుంది. దాన్ని క్రాక్ టెస్ట్ చేయించకుండా మెరిసే హబ్ తగిలించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కొన్నాక బిగించేటప్పుడు

బేరింగ్ కప్పును సుత్తితో కొట్టి అల్యూమినియంలోకి దించకండి. కప్పును రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. హబ్‌ను ఓవెన్‌లో 100 నుంచి 120 డిగ్రీల దగ్గర అరగంట పెట్టండి. 150 దాటనివ్వవద్దు, టీ6 బలం వచ్చిందే అలాంటి వేడిలో, మళ్లీ ఎక్కువ వేడి పెడితే మెత్తబడటం మొదలవుతుంది. ఇంట్లో ఓవెన్ థర్మోస్టాట్‌ను నమ్మకుండా చిన్న థర్మామీటర్ పెట్టుకోండి. తోలు గ్లవ్స్ వేసుకుని హబ్‌ను చెక్క మీద పెట్టి కప్పును నిటారుగా వదిలితే ఠక్కున భుజానికి తగిలి కూర్చుంటుంది. ఒక క్షణం ఆలస్యమైతే సగంలో పట్టేస్తుంది. అప్పుడు కొట్టకుండా మళ్లీ వేడి చేయండి. వంకరగా దిగిన కప్పు బోర్‌ను చెక్కేస్తుంది. చల్లారాక పాత బేరింగ్ కప్పును ఎదురుగా పెట్టి ప్రెస్‌తో ఒకసారి నొక్కితే పూర్తిగా ఆనిందో లేదో తెలుస్తుంది.

లిథియం కాంప్లెక్స్ గ్రీజు రోలర్ల మధ్యకు అరచేత్తో నొక్కి నింపండి. హబ్ నట్‌ను మాన్యువల్ చెప్పినట్టు, హబ్‌ను తిప్పుతూ బిగించి, వెనక్కి వదిలి, స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి. చల్లగా ఉన్నప్పుడు డయల్ గేజ్‌తో ఆట రాసుకోండి. అరగంట తిప్పి వచ్చాక, బ్రేకులు వేడిగా ఉండగానే మళ్లీ కొలవండి. ఇనుప హబ్‌లో ఈ రెండు అంకెలు దగ్గరగా ఉంటాయి. అల్యూమినియంలో మారతాయి, ఎందుకంటే హబ్ పొడవు, బోర్ రెండూ పెరుగుతాయి. వేడిలో కూడా కొంచెం ఆట మిగలాలి. అసలు మిగలకపోతే నట్ కొద్దిగా వదలండి. టేపర్ రోలర్‌కు ఆట లేకుండా పోవడం కొంచెం ఎక్కువ ఆట ఉండటం కంటే ప్రమాదం.

హబ్‌కు, చక్రానికి మధ్య ముఖం మీద అల్యూమినియానికి పనికొచ్చే సిరామిక్ పేస్ట్ పలచగా రాయండి. స్టడ్ మరలకు మాత్రం ఏమీ రాయవద్దు, టార్క్ లెక్క తప్పుతుంది. నట్లను టార్క్ రెంచ్‌తోనే బిగించండి. మొదటి 80 కిలోమీటర్లు తిరిగి రాగానే చక్రాలు చల్లారాక మళ్లీ బిగించండి. అల్యూమినియం హబ్‌లో స్టడ్ తలలు సర్దుకుంటాయి కాబట్టి మొదటిసారి నట్ కొంచెం తిరుగుతుంది. రెండో, మూడో సారి కూడా తిరుగుతుంటే తలలు దిగబడుతున్నట్టే, చక్రం విప్పి వెనక చూడాలి.

ఏటా ఎంఓటీ (బ్రిటన్‌లో కారు ఫిట్‌నెస్) పరీక్షకు ముందు చక్రం విప్పి, ఫ్లాంజి మూలను శుభ్రంగా తుడిచి, ఎర్ర డై పెనెట్రంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు) చల్లి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టండి. రెండు డబ్బాలూ మామూలు టూల్ దుకాణంలో దొరుకుతాయి. తెల్లటి పూత మీద సన్నటి ఎర్ర గీత కనిపిస్తే ఆ హబ్ పని అయిపోయింది. వెల్డింగ్ చేయించి వాడదామనుకోకండి. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల టీ6 బలం పోతుంది, పగులు ఈసారి దాని పక్కనే వస్తుంది. ఒక పక్క హబ్ పగిలితే రెండో పక్కది కూడా అన్ని తిప్పులూ తిరిగినదే కాబట్టి రెండూ కలిపే మార్చండి.